ట్రాక్ డేలో బీఎండబ్ల్యూ వాళ్లు నిజంగానే దారివ్వరా? స్విఫ్ట్‌తో వెళ్తే పరువు పోతుందా?

ప్రశ్న చూశాను. తర్వాత చదివేవాళ్ల కోసం రెండు ముక్కల్లో మళ్లీ చెప్తాను. ఈయనది హైదరాబాద్, 2019 స్విఫ్ట్ పెట్రోల్, ఇంతవరకూ ట్రాక్ ఎక్కలేదు. వచ్చే నెల చెన్నై దగ్గర ట్రాక్ డేకి, అంటే సొంత కారుని రేసు ట్రాక్ మీద నడుపుకునే రోజుకి, డబ్బు కట్టేశారు. కట్టాక ఫ్రెండ్స్ మొదలుపెట్టారు. బీఎండబ్ల్యూ వాళ్లు చచ్చినా దారివ్వరు, పోలో వాళ్లు వెనక బంపర్‌కి అంటుకుని వస్తారు, పోర్షే ఉన్నవాడికి డ్రైవింగే రాదు, స్విఫ్ట్‌తో పోతే అందరికీ అడ్డమని తిట్టించుకుంటావ్ అని. ఇందులో నిజమెంత, అసలు వెళ్లాలా వద్దా అని అడుగుతున్నారు.

వెళ్లండి. స్విఫ్ట్ తెచ్చినందుకు అక్కడ మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. ఇక ఆ మాటలంటారా, అన్నీ అబద్ధాలని నేను అనను, సగానికి సగం నిజముంది. కాకపోతే మీ ఫ్రెండ్స్ దాన్ని మనిషి బుద్ధికి అంటగడుతున్నారు, అది వచ్చేది కారు బరువు నుంచి, హార్స్‌పవర్ నుంచి. ఒక్కో కారు డ్రైవర్ చేసే తప్పుల్లో కొన్నిటిని కప్పిపెడుతుంది, కొన్నిటిని బజారున పెడుతుంది. అదే మనిషిని పొద్దున పెద్ద సెడాన్‌లో, మధ్యాహ్నం స్విఫ్ట్‌లో కూర్చోబెడితే రెండుచోట్లా రెండు రకాల మనిషిలా కనిపిస్తాడు. ఇది ఊరికే అనడం లేదు, నా కళ్లతో చూశాను, కింద రాస్తాను.

ముందు నా సంగతి. మాది నెల్లూరు, ఉద్యోగం చెన్నైలో. మా నాన్న వాళ్లు కుర్రకారుగా ఉన్నప్పుడు రేసులు చూడటానికి బస్సెక్కి షోలవరం వెళ్లేవాళ్లు. యుద్ధకాలం నాటి పాత రన్‌వే అది, మన నెల్లూరు - చెన్నై రోడ్డులోనే వస్తుంది. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ కట్టాక రేసులు అక్కడికి మారాయి. మీరు వెళ్తున్నదీ అక్కడికే, ల్యాప్ 3.717 కిలోమీటర్లు. నేను 2013 నుంచి ట్రాక్ డేలకి వెళ్తున్నాను. ఈ మధ్య కొన్నేళ్లుగా కొత్తవాళ్ల గ్రూపులో ఎడమ సీట్లో కూర్చుని "ఇప్పుడు బ్రేక్, ఇప్పుడు వదలండి" అని చెప్పే పని చేస్తున్నాను. అంటే ఎవరి కారు ఎలాంటిదో బయటి నుంచి కాకుండా లోపల కూర్చుని చూసే అవకాశం దొరికింది, కడుపులో తిప్పుతున్నా సరే.

ఇంకోమాట, ట్రాక్ డే అంటే రేసు కాదు. మొదటి స్థానం, రెండో స్థానం ఉండవు, కప్పూ ఉండదు. కొత్తవాళ్ల గ్రూపులో ఓవర్‌టేక్ చేయడానికి స్ట్రెయిట్లు (మలుపుల్లేని తిన్నటి దారి) మాత్రమే, అదీ ముందున్నవాడు చెయ్యి చూపించో ఇండికేటర్ వేసో దారిచ్చాకే. ఈ ఒక్క రూలు తెలిస్తే మీ ఫ్రెండ్స్ చెప్పిన కథల్లో సగం వాటంతటవే విడిపోతాయి.

బీఎండబ్ల్యూ వాళ్లు దారివ్వరనే మాట

బీఎండబ్ల్యూ అని పేరు పడింది గానీ ఇది 300 హార్స్‌పవర్ దాటిన ఏ బరువైన కారుకైనా వర్తిస్తుంది. ఎం340ఐ తీసుకోండి, 374 హార్స్‌పవర్, మనిషితో కలిపి 1,800 కిలోల దాకా. మీ స్విఫ్ట్‌ది 83 హార్స్‌పవర్, మీరు కూర్చున్నా 950 కిలోలు. ఇద్దరూ ఒకేసారి ఒక మలుపులోంచి బయటికొచ్చారనుకోండి. స్ట్రెయిట్ మీద వాడు మాయం. మళ్లీ మలుపు రాగానే కొత్తవాడు కాబట్టి భయపడి చాలా ముందే బ్రేక్ వేసేస్తాడు, మీ కారు తేలిక కాబట్టి మీరు ఆలస్యంగా వేస్తారు, మలుపు సగానికొచ్చేసరికి వాడి వెనకే ఉంటారు. మళ్లీ స్ట్రెయిట్, మళ్లీ మాయం. ఇలా ప్రతి మలుపులో వాడు మీకు అడ్డం, ప్రతి స్ట్రెయిట్ మీదా మీరు వాడికి కనపడరు.

ఇప్పుడు అతని వైపు నుంచి చూడండి. అద్దం చూసుకునే తీరిక అతనికి దొరికేది స్ట్రెయిట్ మీదే. అప్పుడు అద్దంలో ఎవరూ లేరు, ఎందుకంటే మీరు ఎక్కడో వెనకున్నారు. మీరు అద్దంలోకి వచ్చే సమయానికి అతను మలుపులో ఉంటాడు, స్టీరింగ్ రెండు చేతులతో బిగించి పట్టుకుని, కళ్లు పెద్దవి చేసుకుని. అద్దం చూసే పరిస్థితిలో ఉండడు. అందుకని సెషన్ (ఒక్కో విడత ట్రాక్ మీద నడిపే ఇరవై నిమిషాలు) మొత్తం అయిపోయి బయటికొచ్చాక "నా వెనక ఎవరూ లేరే" అంటాడు. అబద్ధం చెప్పట్లేదు పాపం, నిజంగానే చూడలేదు.

చూసినా దారివ్వడానికి మనసొప్పాలి. ఎందుకంటే స్విఫ్ట్‌కి దారివ్వాలంటే ఊరికే పక్కకి తప్పుకుంటే సరిపోదు, స్ట్రెయిట్ మీద యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయాలి. లేకపోతే మీరు జన్మలో దాటలేరు. అంత డబ్బు పెట్టి కారు కొని, ఇంత దూరం తెచ్చి, స్ట్రెయిట్ మీద కాలు తీయడమంటే కష్టంగానే ఉంటుంది.

చెప్తానన్న కథ ఇదే. గుంటూరు నుంచి ఒకాయన, మిర్చి వ్యాపారం, యాభై దాటాయి. కొత్త జర్మన్ సెడాన్, ఏ కంపెనీదో అనవసరం. నేను ఎడమ సీట్లో ఉన్నాను. మూడో ల్యాప్‌లో వెనక ఒక స్విఫ్ట్ అంటుకుంది.

"సార్, వెనక స్విఫ్ట్ ఉంది, స్ట్రెయిట్ మీద కాలు తీసి దారివ్వండి."

"స్విఫ్టా?"

"అవును సార్."

"స్విఫ్ట్‌కి నేను దారివ్వాలా?"

ఆ "నేను" అన్నప్పుడు ఆయన గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇవ్వలేదు. ట్రాక్ పక్కన భద్రత చూసే మార్షల్స్ పోస్ట్ దగ్గర బ్లూ ఫ్లాగ్ ఊపారు, అంటే వెనక నీకంటే వేగమైన కారుంది, దారివ్వమని. "అదేదో నీలం గుడ్డ ఊపుతున్నారు" అన్నారు. బ్రీఫింగ్ టైంలో ఆయన ఫోన్లో ఉన్నారులెండి. అయిదో ల్యాప్‌కి బ్రేక్ పెడల్ మెత్తబడింది, తొక్కితే నేలదాకా దిగడం మొదలైంది. నేను నెమ్మదిగా పిట్ లేన్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆగే దారిలోకి, తెప్పించాను. బ్రేక్ ఆయిల్ మార్చి ఎన్నాళ్లయిందని అడిగితే "బ్రేక్‌కి ఆయిలు కూడా మారుస్తారా" అన్నారు.

దీనికి కారణం బరువూ వేగమూ. 1,800 కిలోల కారుని గంటకి 190 నుంచి ఆపడానికీ, 950 కిలోల కారుని 140 నుంచి ఆపడానికీ బ్రేకులు మింగాల్సిన వేడిలో దాదాపు మూడున్నర రెట్లు తేడా. వేడి వేగం వర్గంతో పెరుగుతుంది కదా, ఇంటర్‌లో చదివిన ఫిజిక్సే. పెద్ద కారుకి పెద్ద బ్రేకులే ఇస్తారు, ఒప్పుకుంటా, కానీ రోడ్డు మీద ఒకటి రెండుసార్లు గట్టిగా తొక్కడం వేరు, ఇరవై నిమిషాలు ప్రతి మలుపుకీ తొక్కడం వేరు.

ఆయన కారు చల్లారబెట్టి పక్కన పెట్టాం. దిగాలుగా కూర్చున్నారు. అంత దూరం వచ్చారు కదా అని మధ్యాహ్నం సెషన్‌కి నా కారిచ్చాను, నాదిప్పుడు పాత స్విఫ్టే. ఇరవై నిమిషాల తర్వాత చెమటలు కక్కుతూ దిగారు, ముఖం వెలిగిపోతోంది, నీళ్ల బాటిల్ ఎత్తి గటగటా తాగేసి మొదట అన్న మాట: "ఆ పెద్ద కార్లవాళ్లు మలుపుల్లో అడ్డం పడిపోతున్నారండీ, ఒక్కడూ దారివ్వడు!"

నేను నవ్వాపుకోలేక టైర్ ప్రెషర్ చూసే నెపంతో వంగి కూర్చున్నాను.

పోలో వాళ్లు బంపర్‌కి అంటుకుంటారనే మాట

దీని గురించి నాకు హక్కుతో చెప్పే అధికారం ఉంది, 2013లో నేను కొన్నది పోలో జీటీనే. స్టేజ్ వన్ రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) చేయించి, ఆఫీసులో లిఫ్ట్‌మ్యాన్‌కి కూడా ఎన్ని హార్స్‌పవర్ పెరిగిందో చెప్పిన రకాన్ని. ఈ ముద్ర మాత్రం ఊరికే రాలేదు. ఫోక్స్‌వాగన్ 2010లో పోలో కప్ పేరుతో ఇక్కడే రేసులు మొదలుపెట్టింది, దాంతో రోడ్డు మీద పోలో నడిపే ప్రతివాడికీ తన కారూ ఆ కారూ అన్నదమ్ములనిపించేది. స్కోడా ఆక్టేవియా ఆరెస్ వాళ్లది అదే వంశం, డబ్బు కొంచెం ఎక్కువ, మాటలూ కొంచెం ఎక్కువ. 2017లో ఆరెస్ 230 వచ్చినప్పుడు ప్యాడాక్‌లో (కార్లు నిలిపి సిద్ధం చేసుకునే చోటు) ఎవర్ని కదిపినా స్టేజ్ టూ గురించే.

అయితే అంటుకుని రావడం అనేది చాలావరకు కంటి మోసం. రెండు కార్ల మధ్య ఒక సెకను దూరం ఉందనుకోండి. గంటకి 150లో ఆ ఒక్క సెకను అంటే 42 మీటర్లు. అదే 60కి తగ్గే మలుపులో అయితే 17 మీటర్లు కూడా ఉండదు. వెనకవాడు ఏమీ చేయలేదు, అదే సెకను దూరంలో ఉన్నాడు, కానీ ముందున్నవాడికి అద్దంలో చూస్తే స్ట్రెయిట్ మీద దూరంగా ఉన్న కారు ఒక్కసారిగా మీదికి దూకినట్టుంటుంది. దానికితోడు పోలో పొట్టి కారు, మలుపు బయట టర్బో లాగుడు బాగుంటుంది, తర్వాత స్ట్రెయిట్ మీద పెద్ద కారుని దాటేంత దమ్ముండదు. దాంతో ల్యాప్ తర్వాత ల్యాప్ వెనకే వేలాడుతూ కనపడుతుంది. రేపు మీరు కూడా ఎవరికో అలాగే కనపడతారు.

నిజంగా అంటుకునేవాళ్లు లేరా అంటే ఉన్నారు, నేనే ఉన్నాను. మొదటి ఏడాది ఒక పెద్దాయన నా పక్క సీట్లో కూర్చుని రెండు ల్యాపులు ఏమీ మాట్లాడలేదు. మూడో ల్యాప్‌లో "బాబూ, నువ్వు ట్రాక్ మీద నడపట్లేదు, ఆ ముందు కారు నంబర్ ప్లేటు మీద నడుపుతున్నావు" అన్నారు తమిళంలో. అప్పటికి నాకు ఆ ప్లేటు నంబరు కంఠతా వచ్చేసింది, బ్రేక్ ఎక్కడ వేయాలో మాత్రం తెలీదు. ఆ సెషన్‌లోనే దారి అడిగి వెళ్లిపోయిన ఒక పాత కారు స్టాక్‌ది (ఏ మార్పులూ చేయించనిది), నా రీమ్యాప్ మీద పెట్టిన డబ్బుకి అలాంటి కారే సెకండ్‌హ్యాండ్‌లో సగం వచ్చేది.

హోండా వాళ్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 2000 ప్రాంతంలో వచ్చిన పాత సిటీ 1.5 వీటెక్ వాళ్లు ఒక మతం. వాళ్లని ఏమీ అనకూడదు, ఆరు వేల ఆర్పీఎం దాటాక ఆ కారు చేసే చప్పుడు నోటితో చేసి మరీ వినిపిస్తారు. బ్రేక్ వేయడం పాపమన్నట్టు నడుపుతారు, మలుపుల్లో వేగం పోగొట్టుకోరు, అది మంచి అలవాటే. ఫియట్ వాళ్లు ఇంకోరకం. కంపెనీ మన దేశంలో కార్లు అమ్మడం ఎప్పుడో ఆపేసినా పాలియో, లీనియా టీ-జెట్, పుంటో అబార్త్ పట్టుకుని వేలాడే జనం. వాళ్ల డిక్కీలో లేని స్పానర్ ఉండదు. మీ కారుకి ఏమన్నా అయితే మొదట పరిగెత్తుకొచ్చేది వాళ్లే, ఎందుకంటే ఆ పని వాళ్లకి అలవాటు. నా క్లోజ్ ఫ్రెండ్ ఫియట్ మనిషే కాబట్టి ఇక్కడితో ఆపుతున్నా, లేకపోతే ఫోన్ చేస్తాడు.

పోర్షే ఉన్నవాడికి డ్రైవింగ్ రాదనే మాట

నా అనుభవంలో ఇది తల్లకిందులు. నేను చూసినవాళ్లలో చక్కగా, చప్పుడు లేకుండా దారిచ్చేవాళ్లు వీళ్లే. అందరూ అని కాదు, ఎక్కువమంది. విజయవాడ నుంచి వచ్చే ఒక డాక్టర్‌గారు ఉన్నారు, ఆయనది పోర్షే కేమన్. మీరు అద్దంలో కనపడ్డ క్షణంలో ఆయన చెయ్యి కిటికీ బయట ఉంటుంది, పొమ్మని. ఒకసారి అడిగాను, అంత వేగంగా ఎలా గమనిస్తారండీ అని. "ఈ కారుకి ఒక గీత పడితే ఎంతవుతుందో నాకు తెలుసు బాబూ, నా చుట్టూ ఎవరున్నారో చూడటమే నాకు సగం పని" అన్నారు.

అది మీక్కూడా వర్తిస్తుంది కాబట్టి ఇక్కడే చెప్పేస్తా. మన మామూలు కారు ఇన్సూరెన్స్ ట్రాక్ మీద పనిచేస్తుందని అనుకోకండి. పాలసీ కాగితం తీసి "వాడకానికి పరిమితులు" అన్న భాగం చదవండి, ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్ వర్తించవని ఉంటుంది. ట్రాక్ డే రేసు కాదు కదా అని మనం వాదించవచ్చు, క్లెయిమ్ రోజు ఆ వాదన వినే ఓపిక వాళ్లకుండాలి. అక్కడ ఏది జరిగినా నా జేబులోంచే అనుకుని వెళ్లడం మంచిది. ఆ లెక్క బాగా తెలిసినవాడు ఏ కారులో ఉన్నా మర్యాదగానే నడుపుతాడు. కారు నాన్నది, ఈఎంఐ నాన్నది, ఆ రకమే టెన్షన్.

ఎలక్ట్రిక్ కార్ల మీద ఇంకా పెద్ద ముద్రలేవీ పడలేదు, పడుతున్నాయి. రెండు టన్నులు దాటిన కార్లు, కొన్నైతే నాలుగు సెకన్లలోపు వందకి చేరుతున్నాయి, చప్పుడుండదు. చప్పుడు లేకపోవడమే నాకు ఇబ్బంది, ఇంజిన్ మోత విని వెనక ఎవరున్నారో పోల్చుకోవడం అలవాటైపోయింది. మిగతా విషయాల్లో పైన సెడాన్ గురించి చెప్పిందంతా రెట్టింపు చేసుకోండి.

స్విఫ్ట్ మీదున్న ముద్ర

అడ్డం అంటారు. నవ్వుతారు కూడా, ప్యాడాక్‌లో ఆరెస్‌కీ బీఎండబ్ల్యూ ఎం కారుకీ మధ్య నిలబెడితే మనకే కొంచెం సిగ్గేస్తుంది. కానీ చరిత్ర చూసుకుంటే ఈ దేశంలో సింగిల్ సీటర్ (ఒక్కరే కూర్చునే రేసు కారు) రేసింగ్ నిలబడింది మారుతి సామాను మీద. కోయంబత్తూరు రేసర్ కరివర్ధన్‌గారు మారుతి 800 సామానుతోనే ఫార్ములా మారుతి కార్లు కట్టారు. నరేన్ కార్తికేయన్ మొదలైంది ఆ కార్లలోనే, ఇదే ట్రాక్ మీద, ఫార్ములా వన్‌కి వెళ్లడానికి చాలా ముందు. తర్వాత వచ్చిన ఎల్జీబీ ఫార్ములా 4 కార్లలోనూ మారుతి 1300 సీసీ ఇంజినే. కాబట్టి సిగ్గుపడాల్సిన పనిలేదు.

నిజం చెప్పాలంటే స్విఫ్ట్ వాళ్ల అసలు రోగం అడ్డం పడటం కాదు, మూతి ముడుచుకోవడం. రెండో సెషన్ కల్లా మలుపుల్లో పెద్ద కార్లని పట్టుకోవడం మొదలవుతుంది, ఇక అక్కడినుంచి లంచ్‌లో సాంబారన్నం తింటూ కూడా "నాకు హార్స్‌పవర్ ఉంటేనా" అనే మాటే. నేనూ అన్నాను. వాడి కారులో మీరుంటే మీరూ అంతే ముందుగా బ్రేక్ వేసేవాళ్లు, గుంటూరు ఆయన కథ తిరగేసి చదువుకోండి.

ఈ ముద్రలు ట్రాక్‌ని బట్టి కూడా మారిపోతాయి. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో కరి స్పీడ్‌వే ఉంది, 2003 నాటిది, ల్యాప్ 2.1 కిలోమీటర్లే. అక్కడ పెద్ద కారువాడు కాళ్లు చాపుకునేలోపు మలుపొస్తుంది, చాలా వినయంగా ఉంటాడు, స్విఫ్ట్ వాళ్లు మీసం మెలేస్తారు. అదే నోయిడా వైపు బుద్ధ్ సర్క్యూట్‌కి వెళ్తే ల్యాప్ 5.125 కిలోమీటర్లు, అందులో ఒక స్ట్రెయిటే కిలోమీటరు పైన. ఆ స్ట్రెయిట్ మీద నా స్విఫ్ట్‌లో నేను పాటలు పెట్టుకోవచ్చేమో అనిపించింది. మరి వినయం, పొగరు అనేవి తారురోడ్డు పొడుగుని బట్టి మారుతుంటే దాన్ని మనిషి గుణం అని ఎలా అంటాం? టెక్సాస్‌లో మా పిన్ని కొడుకు ఉన్నాడు, ఆస్టిన్ ట్రాక్‌కి వెళ్తుంటాడు. అక్కడ దారివ్వరనే నింద హార్స్‌పవర్ ఎక్కువున్న కార్వెట్ వాళ్ల మీద, మూతి ముడుపు చిన్న, తేలిక కారైన మియాటా వాళ్లది. కారు పేర్లు మారాయి, బరువూ హార్స్‌పవర్ వరస అదే.

ఒక సరదా కూడా చెప్తా. నేనూ ఆ ఫియట్ ఫ్రెండూ కొన్నాళ్లు పందెం ఆడాం. పొద్దున్నే ప్యాడాక్‌లో నిలబడి, వచ్చిన కార్లు చూసి, ఇవాళ మార్షల్స్ ఎవరికి బ్లాక్ ఫ్లాగ్ చూపించి లోపలికి పిలుస్తారో చెప్పాలి. ఓడినవాడు దారిలో ఫిల్టర్ కాఫీ ఇప్పించాలి. మొదట్లో కంపెనీ పేరు చూసి చెప్పేవాణ్ని. వరసగా ఓడిపోయాను. ఒకసారి నేను వేలెత్తి చూపించిన పసుపు రంగు ఎం కారాయన రోజంతా బుద్ధిమంతుడిలా నడిపాడు, గడ్డిలోకి పోయింది తండ్రీకొడుకులు వంతులేసుకుని నడిపిన ఫ్యామిలీ సెడాన్. "ఏంది అబ్బయ్యా, గుర్తులు చూసి ఓట్లేసినట్టు చెప్తుండావ్" అన్నాడు వాడు. కాఫీలతో పాటు ఒకసారి పొంగల్ కూడా ఇప్పించుకున్నాడు.

తర్వాత వాడే అసలు కిటుకు చెప్పాడు. వాడు బ్యాడ్జీ చూడడు. టైరు అంచులు చూస్తాడు, అరిగి గరుకుగా ఉంటే ముందు వచ్చినవాడు, వెంట్రుకల్లాంటి రబ్బరు ముక్కలు ఇంకా ఉంటే కొత్తవాడు. డ్రైవర్ దగ్గర ఫ్లోర్ మ్యాట్ తీసేశాడా లేదా చూస్తాడు. బ్రీఫింగ్‌లో ముందు వరసలో ఎవరున్నారు, ఫోన్లో ఎవరున్నారు. మొదటి సెషన్ కాగానే కారు దగ్గర ప్రెషర్ గేజ్ తీసేవాడెవడు, వీడియో చూసుకునేవాడెవడు. అన్నిటికంటే ముఖ్యం, పక్కన కుర్చీలేసుకుని ఎంతమంది ఫ్రెండ్స్ చూస్తున్నారు. చూసేవాళ్లు పెరిగేకొద్దీ బ్రేక్ వేసే చోటు మలుపుకి దగ్గరవుతుంది. ఇది ఆల్టోకీ మెర్సిడెస్ ఏఎంజీకీ ఒకటే. నాకైతే ట్రాక్ మీద భయం వేసేది రెండోసారి వచ్చినవాడి దగ్గరే, ఏ కారైనా. మొదటిసారి వచ్చినవాడికి భయముంటుంది, పదోసారి వాడికి తెలివి వచ్చేస్తుంది, రెండోసారి వాడికి రెండూ ఉండవు.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల రేసు) జరిగాక మన హైదరాబాద్ కుర్రాళ్లు చాలామంది ఇలా రావడం మొదలైంది, సంతోషమే. కానీ ఆరొందల కిలోమీటర్లు పైన నడుపుకుని వచ్చి, అదే కారులో తిరిగి ఇల్లు చేరాలన్న సంగతి సాయంత్రం సెషన్‌లో గుర్తుండదు. మీకు కొన్ని మాటలు:

బ్రేక్ ఆయిల్ మార్పించుకుని బయల్దేరండి. కొత్త డాట్ 4 అయితే 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్న పాతదైతే అది 155 వరకూ పడిపోవచ్చు, అప్పుడే పెడల్ మెత్తబడేది. ప్యాడ్లు సగం అరిగి ఉంటే అవి కూడా. టైర్లు వేడెక్కితే గాలి ప్రెషర్ పెరుగుతుంది, సెషన్ అవగానే చూసి తగ్గించండి, ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ నింపుకోవడం మర్చిపోకండి. సెషన్ నుంచి రాగానే హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు, గేర్‌లో పెట్టి వదిలేయండి. డిక్కీలో స్టెప్నీ, జాకీ, అమ్మ ఇచ్చిన ఆవకాయ సీసా అన్నీ దింపేయండి. ఆవకాయ గురించి నిజంగానే చెప్తున్నా, నూనె వాసన ఏడాది పోలేదు ఒకరికి.

కొత్తవాళ్ల గ్రూపులోనే పేరివ్వండి, ఫ్రెండ్స్ ఉన్నారని పై గ్రూపుకి వెళ్లొద్దు. ప్రతి స్ట్రెయిట్ మీదా ఒకసారి అద్దం చూడటం మొదటి ల్యాప్ నుంచే అలవాటు చేసుకోండి. ఎవరన్నా పెద్ద కారువాడు మలుపుల్లో అడ్డంగా తగిలి దారివ్వకపోతే వాడి వెనక పడి ఉడుక్కోవద్దు, పిట్ లేన్‌లోకి వచ్చి అర నిమిషం ఆగి మళ్లీ వెళ్లండి, ట్రాక్ ఖాళీగా దొరుకుతుంది. అలా చేస్తే పెట్రోలు ఖర్చు కూడా అటుఇటుగా అంతే.

టో హుక్ (ఆగిపోయిన కారుని లాగడానికి తగిలించే కొక్కెం) స్విఫ్ట్‌కి డిక్కీలో టూల్స్‌తో పాటు ఉంటుంది, ముందు బంపర్ మీద చిన్న మూత తీసి బిగించాలి. ఇంటి దగ్గరే ఒకసారి బిగించి చూసుకోండి, సెకండ్‌హ్యాండ్ కారైతే ఆ హుక్ అసలు ఉందో లేదో కూడా. పోయినసారి ఒకతను పొద్దున ఆరున్నరకి ప్యాడాక్‌లో నా హుక్ అడిగాడు.